అడ్రినల్ ఫటీగ్ అనే జబ్బు ఉందా? నాలుగు శాంపిళ్ల కార్టిసాల్ టెస్టు చేయించాలా?

వేపచెట్టు:
నెలల తరబడి ఒత్తిడి, నిద్రలేమి ఉంటే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అలసిపోయి, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ తయారీ తగ్గిపోతుందని, అదే అడ్రినల్ ఫటీగ్ అని వెల్‌నెస్ క్లినిక్కులు చెబుతున్నాయి. రోజుకు నాలుగుసార్లు లాలాజలం పరీక్షించి సప్లిమెంట్లు రాస్తున్నాయి. హార్మోన్ల వైద్యులైన ఎండోక్రైనాలజిస్టులేమో ఆ జబ్బే లేదంటారు. పేరు తప్పయితే కావచ్చు, బాధ నిజం. పొద్దున లేవలేని మనిషిని, నెలసరి తప్పిన మనిషిని "రిపోర్టులు నార్మల్" అని పంపేయడం వైద్యం ఎలా అవుతుంది?

కణజాలం:
బాధను ఎవరూ కాదనడం లేదు. గ్రంథి అలసిపోతుందన్నదే తప్పు. మెదడులోని హైపోథలామస్, దాని కిందుండే పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ ఇస్తేనే అడ్రినల్ కార్టిసాల్ వదులుతుంది. ఒత్తిడి ఏళ్ల తరబడి సాగితే చెదిరేది ఆ ఆజ్ఞల వేళలే. రాత్రి దిగాల్సిన కార్టిసాల్ పూర్తిగా దిగదు, పొద్దున ఎక్కాల్సింది మందగిస్తుంది. 2016లో 58 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష కూడా ఈ జబ్బుకు ఆధారం లేదనే తేల్చింది.

నా భయమల్లా ఈ పేరు చాటున అసలైన అడ్రినల్ లోపం (తగినంత కార్టిసాల్ నిజంగానే తయారుకాని జబ్బు) దాగిపోతుందని. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, ఉప్పు మీద యావ, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం దాని గుర్తులు. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది. ఉదయం 8 గంటలకు రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపుంటే లోపం ఉన్నట్టే లెక్క, 18 దాటితే లేనట్టే. మధ్యలో ఉంటే అడ్రినల్‌కు పిట్యూటరీ ఆజ్ఞను మోసే హార్మోన్ ఏసీటీహెచ్‌ను 250 మైక్రోగ్రాములు ఇంజెక్షన్‌గా ఇచ్చి 30, 60 నిమిషాలకు మళ్లీ రక్తం తీసి చూడాలి.

ల్యాబ్‌బెంచి:
లాలాజలం టెస్టులో ఎక్కువగా చెడేది శాంపిల్ దగ్గరే. బ్రష్ చేసిన వెంటనే తీస్తే చిగుళ్ల రక్తం కలిసి అంకె పెరుగుతుంది. చేతికి హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలోని కార్టిసాల్) క్రీము ఉండి ట్యూబు పట్టుకున్నా అంతే. నిద్ర లేచిన 30–45 నిమిషాలకు కార్టిసాల్ తారస్థాయికి చేరుతుంది కాబట్టి అరగంట తేడాతో గ్రాఫే మారిపోతుంది. నైట్ షిఫ్టు వాళ్లకైతే మామూలు వేళల రేంజి అసలు వర్తించదు. అర్ధరాత్రి శాంపిల్ పనికొచ్చేది కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉండే జబ్బు) అనుమానం ఉన్నప్పుడే.

రక్తపరీక్షకూ తిప్పలున్నాయి. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ వల్ల మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపిస్తుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ అనే విటమిన్ కొన్ని మెషీన్లను తప్పుదారి పట్టిస్తుంది, రెండు మూడు రోజుల ముందే ఆపాలి.

వేపచెట్టు:
సరే, టెస్టు సంగతి ఒప్పుకుంటాను. మరి అశ్వగంధ? 2012లో హైదరాబాదు అధ్యయనంలో 64 మంది ఉన్నారు. 300 మిల్లీగ్రాముల సారం రోజుకు రెండుసార్లు, 60 రోజులు తీసుకున్నవాళ్లలో కార్టిసాల్ సుమారు 28 శాతం తగ్గింది. దాన్నీ కొట్టిపారేస్తారా?

కణజాలం:
కొట్టిపారేయను. అయితే ఆ క్లినిక్కుల లెక్కనే చూడండి: గ్రంథి అలసి కార్టిసాల్ తగ్గిపోయిందంటూనే, కార్టిసాల్‌ను ఇంకా తగ్గించే మందు రాస్తున్నారు! ఆ అధ్యయనం చిన్నది, రెండు నెలలదే. ఒత్తిడి ఉన్నవాళ్లకు కొంత ఊరట ఇవ్వొచ్చు. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు మానాలి. కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి కాబట్టి కళ్లు పచ్చబడితే వెంటనే ఆపాలి.

ఇంతకన్నా ప్రమాదం లేబుల్ లేని కీళ్లనొప్పుల పొడులు. కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. రోజుకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌కు మించిన మోతాదు మూడు నాలుగు వారాలు సాగితే అడ్రినల్ పని అణగిపోవచ్చు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

స్త్రీవైద్యం:
నెలసరి మాటకొస్తే, మూడు నెలలు రాకపోతే ముందు గర్భం లేదని చూసుకుని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), అండాశయాల పనిని చూపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడియోల్ హార్మోన్ల పరీక్షలు చేయించాలి. సూది భయానికే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కొంచెం పెరిగితే మందు మొదలుపెట్టకుండా, అరగంట కూర్చోబెట్టి మళ్లీ తీయాలి. ఒత్తిడికి తోడు తిండి తగ్గినవాళ్లలో ఎల్‌హెచ్, ఎస్ట్రడియోల్ రెండూ తక్కువగా ఉంటాయి. చాలాసార్లు దీన్ని పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) అనుకుని బరువు తగ్గమంటారు, దాంతో పరిస్థితి ఇంకా పాడవుతుంది. వీళ్లకు కావాల్సింది తిండి పెంచడం, వ్యాయామం తగ్గించడం, సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే మాటల చికిత్స). హార్మోన్ మాత్రతో రక్తస్రావం వస్తుంది గానీ అండం విడుదల తిరిగి మొదలైనట్టు కాదు.

వేపచెట్టు:
జిల్లా కేంద్రం దాటితే సీబీటీ చేసేవాళ్లు ఎక్కడున్నారు? ఆ ఖాళీలోకే ఈ క్లినిక్కులు వస్తున్నాయి.

కణజాలం:
అది నిజమైన లోటే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పూర్తి సీబీటీకి అది సాటి కాదు. నిద్రకు మాత్రం ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు: లేచే వేళ ఆదివారమైనా మార్చకూడదు, మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు, నిద్ర రాకపోతే మంచం దిగాలి. నాలుగు వారాలకూ నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగర్, బీ12 చూపించుకోవాలి, గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కూడా.