వేలంలో పాత బడి బస్సు కొని ఊరికి తెచ్చుకోవాలనుకుంటున్నాను: ముందుగా ఏమేమి చూసుకోవాలి?

పల్లెబడి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మార్కాపురానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో మా కుటుంబం పద్నాలుగేళ్లుగా ఒక చిన్న ప్రైవేటు పాఠశాలను నడుపుతోంది. ఇంతవరకు పిల్లలు ఆటోల్లోనూ, ఆర్టీసీ బస్సులోనూ వస్తున్నారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల తల్లిదండ్రులు మాత్రం బడికి బస్సు ఉంటే తప్ప వచ్చే ఏడాది పంపలేమని ఈ వేసవిలో తేల్చి చెప్పారు. కొత్త బస్సు కొనే స్తోమత మాకు లేదు.

హైదరాబాదు శివార్లలో ఒక ఫైనాన్స్ సంస్థ, వాయిదాలు ఆగిపోయిన పాఠశాలల నుంచి స్వాధీనం చేసుకున్న బస్సులను ఆన్‌లైన్ వేలంలో అమ్ముతోంది. వాటిలో 2017 మోడల్, 32 సీట్ల పసుపు బస్సు ఒకటి మాకు నచ్చింది. తెలంగాణ రిజిస్ట్రేషన్, ప్రారంభ ధర 3,80,000 రూపాయలు. ఎఫ్‌సీ (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదన్న పత్రం) గడువు రెండేళ్ల కిందటే తీరిపోయింది, బీమా లేదు. ఫోటోల్లో ముందు అద్దానికి ఒక పగులు కనబడుతోంది గానీ సీట్లు బాగానే ఉన్నాయి.

ఆ బండ్లు నిలిపి ఉంచిన యార్డుకు వెళ్లి చూసే అవకాశం ఒక్కరోజే ఇస్తున్నారు. ఆ ఒక్కరోజులో ఏమేమి చూడాలి? పాట మాకే దక్కితే మా డ్రైవరు శ్రీశైలం దారిలో తానే నడుపుకొని వస్తానంటున్నాడు. అది మంచి పనేనా? జూన్ 12న బడి తెరిచే నాటికి కాగితాలన్నీ పూర్తవుతాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పసుపుబండి (మిర్యాలగూడ):

పల్లెబడి గారికి నమస్కారం. మా పాఠశాలకు మూడు బస్సులు ఉన్నాయి. వాటిలో రెండు 2021లో, కరోనాతో బడులు మూతపడి యజమానులు వాయిదాలు కట్టలేక బండ్లు వదులుకున్న రోజుల్లో, వేలంలో కొన్నవే. మొదటిదాని దగ్గర యార్డులో ఒక పూటంతా గడిపి పాడాను. అది నేటికీ తిరుగుతోంది. రెండోదాన్ని ఫోటోలు చూసి పాడాను. దాని మీద కొన్న ధరలో సగానికి పైగా మళ్లీ ఖర్చు పెట్టాను.

వేలం షరతుల్లో ‘ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అనే మాట ఉంటుంది. ఫోటో తీసిన తరువాత బ్యాటరీ పోయినా, స్టెప్నీ పోయినా అడిగే హక్కు మనకు లేదని దాని అర్థం. నెలల తరబడి నిలిచిన బండి నుంచి ముందుగా మాయమయ్యేవి బ్యాటరీ, జాకీ, స్టెప్నీ; ఆ తరువాత ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే ఈసీఎం. మీరు చెప్పిన 2017 బండి బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) రకం అయి ఉంటే ఆ పెట్టె ఉన్నదో లేదో, దాని తీగలు కోసి ఉన్నాయో స్వయంగా చూడండి. అది లేని బండిని ఎంత చౌకగా ఇచ్చినా నేనైతే తీసుకోను.

మీతో తప్పకుండా ఒక మెకానిక్‌ను తీసుకువెళ్లండి. బ్యాటరీలు, ఒక డబ్బాలో పది లీటర్ల మంచి డీజిలు, రెండు మీటర్ల పైపు కూడా వెంట ఉండాలి. ట్యాంకులోని పాత డీజిలు అడుగున నీరు చేరి ఉంటుంది కాబట్టి దానితో స్టార్టు చేస్తే పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి. డబ్బా నుంచే నేరుగా ఇచ్చి చూడాలి. స్టార్టు చేసే ముందు డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం, అక్కడితో ఆ బండి సంగతి మరచిపోవచ్చు. యార్డు వాళ్లు బండిని కదపనివ్వకపోయినా, మర్యాదగా అడిగితే నిలిచిన చోట స్టార్టు చేయనిస్తారు. ఇంజిన్ పదిహేను నిమిషాలు నడిచాక ఆపి, బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ఎయిర్ గేజి ముల్లును ఐదు నిమిషాలు కదలకుండా కూర్చొని గమనించండి. అది కిందికి జారుతూ ఉంటే ఎక్కడో గాలి పోతోందన్నమాట. క్లచ్ పెడల్ తొక్కినా గేరు పడకపోతే ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉంటుంది. అది నిలిచిన బండ్లకు మామూలుగా వచ్చే జబ్బే, దానికి భయపడనవసరం లేదు గానీ గేర్‌బాక్సు దించే ఖర్చును ధరలో లెక్క వేసుకోవాలి.

నడవలో పరిచిన రబ్బరు షీటును వెనుక సీటు దగ్గర ఎత్తి, కింది ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవరుతో పొడవండి. మా రెండో బస్సులో స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. అయితే అప్పటికే బండి మా ఇంటి ముందుంది.

ఇక టైర్లు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. టైరు మీది గాడుల లోతు చూసి మోసపోకండి. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1117 అని ఉంటే 2017వ సంవత్సరం పదకొండో వారంలో తయారైందని అర్థం. మా రెండో బస్సు టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, కానీ రబ్బరు ఏళ్ల తరబడి ఎండకు ఎండి, గోరుతో నొక్కితే సన్నని పగుళ్లు విచ్చుకునేవి. చిట్యాల దాటాక వెనుక టైరు ఒకటి పగిలింది. ఆ సమయంలో బస్సు ఖాళీగా ఉంది, వేగం నలభై కూడా లేదు. అయినా మడ్‌గార్డు రేకు చీరుకుపోయి లోపలి సీటు కాళ్ల దాకా వచ్చింది. ఆరు టైర్లూ కొత్తవి వేయించవలసిందేనని ముందే అనుకొని ఆ డబ్బు పక్కన పెట్టుకున్నాకే పాటకు దిగండి.

కాగితాలగుమస్తా:

నేను రవాణా శాఖ కార్యాలయం దగ్గర ఇరవై రెండేళ్లుగా దరఖాస్తులు రాసే పనిలో ఉన్నాను. పసుపుబండి గారు బండి గురించి చెప్పినదానికి నేను కలపవలసినది ఏమీ లేదు. అయితే వేలం బస్సులు ఎక్కువగా ఆగిపోయేది కాగితాల దగ్గర.

పాటకు ముందు ఫైనాన్స్ సంస్థను ఒకే ఒక ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఇప్పుడు ఎవరి పేరున ఉన్నది? పాత యజమాని పేరుననే ఉంటే, అతని సంతకంతో యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 ఇచ్చి, తమ అప్పు తీరినట్టు ఫారం 35 జతచేస్తామని కొందరు చెబుతారు. ఆ సంతకాలు అప్పు ఇచ్చిన రోజున ఖాళీ ఫారాల మీద తీసుకున్నవి కావచ్చు. యజమాని అభ్యంతరం చెప్పినా, సంతకం సరిపోలకపోయినా మీ దరఖాస్తు ఆగిపోతుంది. వాయిదాలు ఎగవేసిన బండిని స్వాధీనం చేసుకున్న సంస్థ ఫారం 36 పెట్టి తన పేరున కొత్త ఆర్‌సీ తీసుకొనే వీలు మోటారు వాహనాల చట్టం 51వ సెక్షనులో ఉంది. అలా తీసుకున్నాక ఆ సంస్థే అమ్మకందారుగా మీకు 29, 30 ఫారాల మీద సంతకం చేస్తుంది. కొంత ఆలస్యమైనా ఇదే గట్టి దారి.

వేలంలో కొన్నాం కాబట్టి ఫారం 32 చాలుననే మాట చాలామంది నోట వింటాను. అది ప్రభుత్వం గానీ, ప్రభుత్వం తరఫున ఇతరులు గానీ వేసిన బహిరంగ వేలానికి ఉద్దేశించిన ఫారం. ఫైనాన్స్ సంస్థ వేలానికి అది పనికిరాదు.

మీది ఆంధ్రప్రదేశ్, బండిది తెలంగాణ కాబట్టి ఫారం 28, అంటే నిరభ్యంతర పత్రం, తప్పనిసరి. పన్ను బకాయి, చలానాలు తీరనిదే అది రాదు. బడి బస్సుకు పన్ను మూడు నెలలకోసారి కట్టాలి. రెండేళ్లు నిలిచిన బండికి బకాయి, దానిపై అపరాధ రుసుము పేరుకుపోయి ఉంటాయి. స్వాధీనంలో ఉంచుకున్న కాలానికి ఫైనాన్స్ సంస్థే పన్ను కట్టాలని ఉత్తరప్రదేశ్ చట్టానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. అయినా వేలం షరతుల్లో ‘బకాయిలన్నీ పాటదారువే’ అని చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. దానికి ఒప్పుకొని పాడితే ఆ భారం మీదే. కనుక బకాయి ఎంతో ముందే రవాణా శాఖ పోర్టల్‌లో చూసి, దాన్ని మీ పాట నుంచి తగ్గించుకోండి.

బస్సును మీ సొంత పేరున కాక పాఠశాల పేరున, లేదా దాన్ని నడిపే సొసైటీ పేరున బదిలీ చేయించండి. విద్యాసంస్థ బస్సు అంటే విద్యాసంస్థ సొంతమై ఉండి, విద్యార్థులను, సిబ్బందిని తీసుకువెళ్లడానికి మాత్రమే వాడేదని చట్టంలోనే ఉంది. వ్యక్తి పేరున రాయిస్తే బండి తరగతి మారుతుంది, పన్ను పెరుగుతుంది.

ఎఫ్‌సీ విషయానికి వస్తే, రవాణా వాహనం ఎనిమిదేళ్లు దాటాక దాన్ని ఏటా చేయించుకోవాలి. బడి బస్సుల ఎఫ్‌సీ గడువు మన దగ్గర మే 15తో ముగుస్తుంది కాబట్టి ఆ తరువాతి నెల రోజులూ కార్యాలయాల ముందు పసుపు బండ్ల బారులే కనిపిస్తాయి. పదిహేనేళ్లు దాటిన బస్సును బడికి నడపకూడదని మన నియమాల్లో ఉంది. 2017 బండి అయితే మీ చేతిలో ఉండే సంవత్సరాలు ఎన్నో మీరే లెక్క కట్టవచ్చు.

మీ మూడో ప్రశ్నకు జవాబు సూటిగా చెబుతాను. ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరున ఉంటే జూన్ 12 నాటికి పూర్తవుతుందని నేను మాట ఇవ్వను. మొదటి నెలకు ఒక అద్దె బస్సును సిద్ధం చేసుకొని ఉంచండి.

లోబెడ్‌యజమాని:

డ్రైవరు నడుపుకొని వస్తాడా అన్నదానికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే అలా నడుపుకొని వస్తూ దారిలో ఆగిపోయిన బండ్లను తెచ్చేది నేనే. ఎఫ్‌సీ లేని రవాణా వాహనాన్ని, 56వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను ఉన్నట్టుగానే చట్టం లెక్కించదు. బీమా కూడా లేదు. దారిలో ఎవరికైనా తగిలితే ఆ నష్టపరిహారం మీ బడిని అమ్మినా తీరకపోవచ్చు. కాబట్టి రెండే మార్గాలు ఉన్నాయి: హైదరాబాదులోనే మరమ్మతులు, బీమా, ఎఫ్‌సీ, తాత్కాలిక పర్మిట్ అన్నీ చేయించి నడిపించడం, లేదా లోబెడ్ ట్రైలరు (బండ్లను ఎక్కించి మోసే తక్కువ ఎత్తు ట్రైలరు) మీద ఎక్కించడం.

ఏ మార్గమైనా శ్రీశైలం దారి మాత్రం వద్దు. మన్ననూరు, దోర్నాల అటవీ గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటాయి. పగటి పూట వెళ్లినా, రెండేళ్లు తొక్కని బ్రేకులతో కృష్ణ ఒడ్డు దాకా ఘాట్ రోడ్డు దిగడం, మళ్లీ అవతలి గట్టు ఎక్కడం నేను నా బండితో చేయను. ఇబ్రహీంపట్నం, మాల్, నాగార్జునసాగర్ మీదుగా మాచర్ల వచ్చి, అక్కడి నుంచి 565వ నంబరు జాతీయ రహదారి మీద ఎర్రగొండపాలెం, మార్కాపురం చేరుకోండి. దూరంలో పెద్ద తేడా లేదు, దారి పొడవునా టైరు పంక్చరు వేసేవాడైనా దొరుకుతాడు.

లోబెడ్ మీద ఎక్కించాక బస్సు పైకప్పు నేల నుంచి దాదాపు నాలుగు మీటర్ల ఎత్తుకు చేరుతుంది. పైన లగేజి క్యారియరు ఉంటే యార్డులోనే విప్పించండి, పక్క అద్దాలు లోపలికి మడవండి. మీ ఊరు రైలు పట్టాలకు అవతల ఉంటే కింది వంతెన ఎత్తు కొలిచి నాకు ముందుగా చెప్పాలి.

పల్లెబడి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న మా మెకానిక్‌తో కలిసి యార్డుకు వెళ్లి వచ్చాను. మేము అనుకున్న బస్సుకు ఈసీఎం ఉంది, కానీ నాలుగు టైర్లు 2017లో తయారైనవే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాం. చివరి రెండు అంకెల చోట తుప్పు పొరలు లేచి, ఎన్నిసార్లు రుద్దినా సున్నానో ఎనిమిదో తేలలేదు. కాగితాలగుమస్తా గారూ, దీనికి ఏం చేయాలి?

అదే వరుసలో 2018 మోడల్, 26 సీట్ల బస్సు మరొకటి ఉంది. దాని ఆర్‌సీ ఇప్పటికే సంస్థ పేరున మారింది. డబ్బా డీజిలుతో మూడో ప్రయత్నంలో స్టార్టయింది, ఎయిర్ ముల్లు కదలకుండా నిలిచింది. క్లచ్ మాత్రం అతుక్కుపోయి ఉంది. ప్రారంభ ధర 4,25,000.

కాగితాలగుమస్తా:

చాసిస్ నంబరు తేలని బండి జోలికి వెళ్లకండి. దాన్ని సరిచేయించుకోవడం అమ్మేవారి పని. తనిఖీ అధికారి చూసే మొదటి విషయమే అది. అక్కడ అనుమానం వస్తే కొన్నవాడే తిరగవలసి వస్తుంది. రెండో బస్సు పాడుకోండి. సంస్థ పేరున ఉన్న ఆర్‌సీ నకలు, పన్ను చెల్లించిన రసీదు పాటకు ముందే మెయిల్‌లో తెప్పించుకోండి. పాట ఖరారైన తరువాత ఎన్ని రోజుల్లో బండిని తీసుకువెళ్లాలో షరతుల్లో చూడండి. ఆ గడువు దాటితే రోజు లెక్కన యార్డు అద్దె మీ మీద పడుతుంది, క్లచ్ పని అక్కడ చేయనివ్వరు.

లోబెడ్‌యజమాని:

క్లచ్ అతుక్కున్న బండిని ట్రైలరు మీదికి ఇంజిన్‌తో ఎక్కించలేం, వించ్‌తో (తాడు చుట్టుకుంటూ లాగే యంత్రంతో) లాగాలి. ఆ తాడు కొక్కెం తగిలించేందుకు బండి ముందరి బంపరు కింద లాగుడు కొక్కెం ఉందో లేదో ఒక ఫోటో తీసి పంపండి. బ్రేకులు గాలితో పనిచేసేవి కనుక ఎక్కించే ముందు ఇంజిన్ నడిపి గాలి నింపుకోవాలి; మీ మెకానిక్ ఆ రోజు బ్యాటరీలతో సహా అక్కడ ఉండాలి. దింపేటప్పుడు మీ బడి ముందు ట్రైలరు తిన్నగా నిలిచేందుకు ఇరవై మీటర్ల గట్టి నేల కావాలి. వాన పడి రేగడి నేల మెత్తబడి ఉంటే తారు రోడ్డు మీదే దింపి, అక్కడి నుంచి ట్రాక్టరుతో లోపలికి లాగిద్దాం.