‘సిస్టమ్ రీస్టోర్’: పునరుద్ధరణా, మరలింపా?

అనువాదకురాలు: అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పే చిన్న పుస్తకం ఒకటి రాస్తూ ‘సిస్టమ్ రీస్టోర్’ దగ్గర ఆగిపోయాను. కొత్త డ్రైవరో (ప్రింటర్ లాంటి పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) అప్‌డేటో వేశాక కంప్యూటర్ మొరాయిస్తే, బాగా నడిచిన నాటి స్థితికి దాన్ని తీసుకెళ్ళే సదుపాయం ఇది. 2000 సంవత్సరంలో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చింది. ‘వ్యవస్థ పునరుద్ధరణ’ అని రాశాను. చిత్తుప్రతి చదివిన ఒక పెద్దాయన “అమ్మా, అయితే పాడైపోయిన నా ఫొటోలు కూడా బాగవుతాయా?” అని అడిగారు. ఆయన అలా అనుకోవడంలో తప్పులేదు, నేను పెట్టిన మాట అలా ఉంది. ఇంకో మాట ఏమైనా ఉందా?

వ్యాకరణం మాస్టారు: పునః + ఉద్ధరణ. ఉద్ధరణ అంటే పైకెత్తడం. సంధ్యావందనంలో పంచపాత్రలోంచి నీళ్ళు తీసే చిన్న చెంచా ఉద్ధరిణి. శిథిలమైన గుడిని నిలబెడితే జీర్ణోద్ధరణ. తుపాను వెళ్ళాక పేపర్లో ‘విద్యుత్ సరఫరా పునరుద్ధరణ’ అని వేస్తారు, అక్కడ అది అతికినట్టు ఉంటుంది. కూలిన స్తంభం స్థానంలో కొత్తది పాతినా పునరుద్ధరణే. మీ కంప్యూటర్లో జరిగేదానికి ఒక తేదీ ఉందమ్మా, ఆ రోజు ఎలా ఉందో అలా చెయ్యాలి. ఆ తేదీ వాసన ఈ మాటలో లేదు. ‘యథాస్థితి’ జోలికీ వెళ్ళకండి. కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంటే ఇప్పుడున్నది కదపవద్దని అర్థం. నామవాచకం కావాలంటే ‘పూర్వస్థితి’ సరైనది.

రిపేరు షాపు తమ్ముడు: మాస్టారూ, మేం “రీస్టోర్ కొట్టాను” అంటాం. ఆ మాట వినగానే “అన్నీ పోతాయా బాబూ?” అని కంగారుపడతారు, ఫార్మాట్ కొట్టడమూ ఇదీ ఒకటే అనుకుని. అప్పుడు “లేదండీ, మొన్న మంగళవారానికి తిప్పుతున్నా” అంటే ఊపిరి పీల్చుకుంటారు. మంగళవారం తర్వాత వేసిన ప్రోగ్రాములు పోతాయి, తీసేసినవి తిరిగొస్తాయి. ఫొటోలూ ఉత్తరాలూ ఎక్కడివక్కడే ఉంటాయి. పోయిన ఫొటో మాత్రం దీనితో రాదు, ఆ పెద్దాయనకి అది తప్పకుండా చెప్పండక్కా.

వ్యాకరణం మాస్టారు: తమ్ముడూ, ‘తిప్పడం’ అని మంచి దారి చూపించావు. ఒకసారి గమనించండి: ‘తిరిగి’ తిరుగు నుంచి, ‘మళ్ళీ’ మళ్ళు నుంచి, ‘మరల’ మరలు నుంచి వచ్చాయి. మూడూ వెనుదిరిగే క్రియలే. తెలుగువాడు ఇంకోసారి అనాలంటే వెనక్కి తిరిగి చూస్తాడన్నమాట. ఇంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని ‘పునః’ కోసం పొరుగింటికి ఎందుకు వెళ్ళాలి?

అనువాదకురాలు: అయితే ‘మళ్ళింపు’ అననా?

పత్రికలో పనిచేసిన ఒకాయన: వద్దండీ. ‘నిధుల మళ్ళింపు’ రాసీ రాసీ ఆ మాటను దారి తప్పించేశాం. ఇప్పుడది వింటే పక్కకి పోవడమే గుర్తొస్తుంది.

వరంగల్ నుంచి ఒక అక్క: మా దిక్కు ‘మర్లి వచ్చిండు’, ‘ఒక్కసారి మర్లి సూడు’ అంటం. మరలింపు అని పెట్టుండ్రి, మా అమ్మకు గూడ సమజైతది.

వ్యాకరణం మాస్టారు: నా ఓటూ దానికే. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు చేసినది ఆవుల మందను మరలించడమే. ఎక్కడివి అక్కడికి చేర్చాడు.

అనువాదకురాలు: ‘రీస్టోర్ పాయింట్’ మిగిలింది, అంటే వెనక్కి తిరిగి రావడానికి కంప్యూటర్ దాచుకున్న ఆ నాటి స్థితి. ‘పునరుద్ధరణ బిందువు’ అంటే లెక్కల పుస్తకంలా ఉంది.

రిపేరు షాపు తమ్ముడు: ‘గుర్తు’ అనండక్కా. “కొత్తది వేసే ముందు ఒక గుర్తు పెట్టుకోండి” అంటాను నేను. చాలాసార్లు విండోసే పెట్టుకుంటుంది, కానీ కొన్ని కంప్యూటర్లలో ఈ సదుపాయం ఆపేసి ఉంటుంది. ముందు అది చూసుకోమని రాయండి.

వ్యాకరణం మాస్టారు: బాగుంది! రాయి మీద గీసినదీ గుర్తే, మనసులో ఉన్నదీ గుర్తే. కంప్యూటర్‌కి రెండూ కావాలి.

అనువాదకురాలు: ఇలా రాశాను: “కొత్త ప్రోగ్రాము వేసే ముందు గుర్తు పెట్టండి. తేడా వస్తే కంప్యూటర్‌ని ఆ గుర్తుకు మరలించండి. మీ ఫొటోలు కదలవు. పోయినవి రావు.”

రిపేరు షాపు తమ్ముడు: తెర మీద కనిపించే ‘సిస్టమ్ రీస్టోర్’ అన్న పేరు కూడా పక్కన వెయ్యండి. లేకపోతే మరలింపు కోసం మెనూలన్నీ వెతుకుతారు.