భూమి మీద దొరకని మూలకాన్ని సూర్యుడిలో ఎలా గుర్తించారు? గుంటూరు గ్రహణమూ, హీలియమూ

ప్రశ్న: కృష్ణాతీరం

నమస్కారం. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ హీలియాన్ని కనుగొన్నారని, కాబట్టి ఆ మూలకానికి పుట్టిల్లు గుంటూరేనని మా ప్రాంతంలో తరచుగా చెబుతుంటారు. వినడానికి ఎంతో సంతోషంగా ఉన్నా, ఆలోచించిన కొద్దీ నాకు సందేహాలు పెరుగుతున్నాయి. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యుడిలో ఫలానా వాయువు ఉందని, ఆ వాయువు భూమి మీద ఎవరి కంటా పడకముందే, ఎలా తెలుసుకోగలిగారు? సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియమే అయినప్పుడు, రోజూ మన మీద పడే ఎండలో దాని జాడ కనిపించకుండా గ్రహణం దాకా ఎందుకు ఆగవలసివచ్చింది? ఇంతకీ గుంటూరుకు ఇస్తున్న ఘనత చారిత్రకంగా నిలబడేదేనా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు

మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను సమాధానం రాస్తాను. చరిత్ర సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలిగించి, నీలి మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. ఆ వెలుగును సన్నని చీలిక గుండా పంపి పట్టకంతో విడదీస్తే, ఇంద్రధనుస్సులోని రంగులన్నీ కాకుండా ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్న రెండు పసుపు గీతలు మాత్రమే ప్రకాశవంతంగా కనిపిస్తాయి. వాటి తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు. డిగ్రీ ప్రయోగశాలలో స్పెక్ట్రోమీటరు ముందు కూర్చున్న ప్రతి విద్యార్థికీ ఈ జంట గీతలు పరిచయమే. ప్రతి మూలకానికీ దానికే ప్రత్యేకమైన గీతల వరుస ఉంటుందని, వేడెక్కిన వాయువు ఆ గీతలను వెలుగుగా విడుదల చేస్తుందని, అదే వాయువు తనకంటే వేడిగా ఉన్న వస్తువు ముందు నిలిస్తే సరిగ్గా అవే గీతలను మింగి నల్లగా చూపిస్తుందని 1859, 1860 సంవత్సరాలలో జర్మన్ శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. అంతకు పాతికేళ్ల ముందు, నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కాంట్ తేల్చి చెప్పాడు. ఆ మాట అంత త్వరగా వీగిపోతుందని ఆ కాలంలో ఎవరూ ఊహించి ఉండరు.

ఇక గ్రహణం దేనికన్న ప్రశ్న. ఎండను పట్టకంతో విడదీస్తే కనిపించే నల్ల గీతలలో సోడియం, ఇనుము, కాల్షియం, హైడ్రోజన్ గీతలు దొరుకుతాయి కాని, హీలియం పసుపు గీత దొరకదు. 587.6 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ గీతను శోషించాలంటే హీలియం పరమాణువు ముందుగానే తన కనిష్ఠ స్థాయి నుంచి 20 ఎలక్ట్రాన్ వోల్టులకు (పరమాణువుల శక్తిని కొలిచే ప్రమాణం) పైగా ఎత్తున ఉన్న ఉత్తేజిత స్థాయికి చేరి ఉండాలి. మనకు వెలుగునిచ్చే సూర్యుడి కాంతిగోళం ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్లు మాత్రమే. ఆ వేడికి అంత పైస్థాయికి చేరే హీలియం పరమాణువులు లేనట్టే లెక్క. హైడ్రోజన్ కనిపించే గీతలకు దాదాపు 10 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తు చాలు, పైగా హైడ్రోజన్ అపారంగా ఉంది కనుక అది పగటి వెలుగులోనే పట్టుబడింది.

కాంతిగోళానికి పైన ఉండే పలుచని వర్ణావరణంలో, అక్కడి నుంచి ఎగసే సౌరజ్వాలల్లో పరిస్థితి వేరు. సూర్యుడి వెలుపలి వాయుపొర అయిన కరోనా నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు అక్కడి హీలియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఊడిన ఎలక్ట్రాన్ తిరిగి పరమాణువును చేరి, మెట్టు మెట్టుగా కిందికి దిగే క్రమంలో ఆ పసుపు కాంతి వెలువడుతుంది. అయితే వర్ణావరణం అంచున పలుచని పొర మాత్రమే కావడం వల్ల, కాంతిగోళపు తీవ్రతలో మామూలుగా అది మన కంటికి ఆనదు. చంద్రుడు కాంతిగోళాన్ని పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎర్రని జ్వాలలు బయటపడతాయి. ఆ జ్వాలల మీదికి స్పెక్ట్రోస్కోపు (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం) తిప్పిన తొలి గ్రహణం 1868 నాటిది.

జవాబు: పాతకాగితాలు

చరిత్ర విషయంలో నా అభిప్రాయం ముందే చెబుతాను. గుంటూరుకు ఘనత దక్కవలసిందే, కాని జనం చెప్పుకునే కారణానికి కాదు.

ఆ గ్రహణ మార్గం అరేబియా తీరంలోని ఏడెన్ మీదుగా వచ్చి దక్షిణ భారతాన్ని అడ్డంగా దాటి, మచిలీపట్నం మీదుగా సముద్రంలోకి వెళ్లి సయాం (నేటి థాయిలాండ్) మీదుగా సాగింది. గుంటూరులో ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో ఐదు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణం పట్టింది. జాన్సెన్‌తో పాటు మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం కూడా అక్కడే విడిది చేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. అదే నక్షత్రశాలలో సహాయకులైన చింతామణి రఘునాథాచారి గారు వనపర్తి వెళ్లిన బృందానికి నాయకత్వం వహించారు. ఆ రోజుల్లో ఒక భారతీయుడి చేతికి అటువంటి బాధ్యత అప్పగించడం చిన్న విషయం కాదు, అయినా మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

జాన్సెన్ ఆ ఉదయం సౌరజ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలను చూసి, జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్‌తో నిండిన మహా వాయురాశులని గుర్తించారు. కాని ఆయన మనసును పట్టుకున్నది ఆ గీతల తీవ్రత. అంత వెలుగున్న గీతలను గ్రహణం లేకుండానే ఎందుకు చూడకూడదని ఆయనకు తట్టింది. మామూలు పగటి వెలుగును పట్టకంతో విడదీసిన కొద్దీ అది రంగులన్నింటిలోకి పరచుకుని పలుచబడుతుంది. ఒక్కొక్క రంగులోనే కేంద్రీకృతమైన జ్వాలల గీతలు మాత్రం పలుచబడవు. ఈ సూత్రంతో మర్నాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే నిండు ఎండలో సూర్యుడి అంచుకు స్పెక్ట్రోస్కోపు చీలికను చేర్చి ఆయన జ్వాలలను చూశారు. అంతవరకు ఏళ్లకొకసారి కొద్ది నిమిషాలు మాత్రమే అందే దృశ్యం ఆనాటి నుంచి ఏ రోజైనా చూడగలిగేదిగా మారింది. ఆ పద్ధతిని వివరిస్తూ జాన్సెన్ ప్యారిస్‌కు రాసిన లేఖ కాకినాడ నుంచి, సెప్టెంబరు 19 తేదీతో వెళ్లింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణంతో పనిలేకుండా, స్వతంత్రంగా అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించారు. ఇద్దరి సమాచారమూ ఫ్రెంచి అకాడమీకి ఒకే రోజు అందింది. ఇద్దరి ముఖాలతో ఫ్రెంచి ప్రభుత్వం ఒక పతకం కూడా ముద్రించింది. పతకం ఆ పద్ధతికే గాని హీలియానికి కాదు.

పసుపు గీత సంగతి వేరు. గ్రహణం నాడు దాన్ని ఒకరు కాదు, చాలామంది చూశారు. సోడియం గీతలకు అంత దగ్గరగా ఉన్నందువల్ల ఎక్కువమంది అది సోడియానిదే అనుకున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ మాత్రం అది సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదన్న అనుమానాన్ని నమోదు చేశారు, కాని మద్రాసులో అచ్చయిన ఆయన నివేదికను ఐరోపాలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని స్థానాన్ని కొలిచి, రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి హైడ్రోజన్ నుంచి ఆ గీతను రాబట్టడానికి ప్రయత్నించి, రాకపోవడంతో ఇది భూమి మీద తెలియని మూలకం కావాలని ప్రతిపాదించినవారు లాకియర్. గ్రీకు భాషలో సూర్యుడి పేరైన హీలియోస్ నుంచి హీలియం అన్న పేరు పెట్టింది కూడా ఆయనే.

జవాబు: మూడుకొప్పుల

పాతకాగితాలు గారు జాన్సెన్ భాగాన్ని మరీ తగ్గించి చెబుతున్నారని నాకనిపిస్తోంది. గుంటూరులో ఉన్న పరిశీలకుల కంట ఆ గీత పడిందని మీరే అంటున్నారు. మొదట చూసిన చోటును జన్మస్థలం అనడంలో తప్పేముంది?

జవాబు: పాతకాగితాలు

మూడుకొప్పుల గారూ, చూడటం వేరు, ఇది కొత్తదని గుర్తించడం వేరు. చూడటమే ప్రమాణమైతే గ్రహణ మార్గంలో ఆ గీతను చూసిన ప్రతి విడిదికీ సమాన హక్కు ఉంటుంది, తొలి అనుమానానికి మచిలీపట్నానికి ఇంకాస్త ఎక్కువ హక్కు ఉంటుంది. గ్రహణం కోసం ఎదురుచూడనవసరం లేకుండా సూర్యుడిని శోధించే మార్గం గుంటూరులో తెరుచుకుందన్నది ఎవరూ కాదనలేని నిజం. ఆ నిజం చాలా పెద్దది. దాన్ని వదిలి సందేహాస్పదమైన గొప్పను పట్టుకోవడం జాన్సెన్‌కే అన్యాయం అని నా ఉద్దేశం.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఒక్క ప్రశ్న మిగిలింది. విశ్వంలో హైడ్రోజన్ తర్వాత అత్యధికంగా ఉన్న మూలకం భూమి మీద దొరకడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? మన దగ్గర ఉన్న హీలియం సూర్యుడి నుంచి వచ్చినదేనా?

జవాబు: రసాయనం

కాదండీ, ఈ కథలో నన్ను అన్నింటికంటే ఆశ్చర్యపరిచే అంశం ఇదే. విశ్వంలోని హీలియంలో అత్యధిక భాగం మహావిస్ఫోటనం జరిగిన తొలి కొద్ది నిమిషాలలో ఏర్పడింది. నక్షత్రాల గర్భంలో కొంత తయారవుతూ ఉంది. భూమి దగ్గర ఆ ఆదిమ హీలియం నిలిచింది అత్యల్పం. హీలియం దేనితోనూ కలవదు కనుక ఖనిజాల్లో సమ్మేళనంగా బంధింపబడదు, తేలిక కనుక వాతావరణం పైపొరల నుంచి అంతరిక్షంలోకి జారిపోతూనే ఉంటుంది. ఈనాటికీ గాలిలో దాని వాటా పది లక్షల భాగాలలో ఐదు భాగాలు.

మనకు దొరికే హీలియం దాదాపు అంతా భూమిలోనే పుట్టింది. యురేనియం, థోరియం క్షీణిస్తూ ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఆల్ఫా కణమంటే హీలియం కేంద్రకమే. ఒక యురేనియం-238 పరమాణువు సీసంగా మారేలోపు ఎనిమిది ఆల్ఫా కణాలను విడుస్తుంది. 1895లో లండన్‌లో విలియం రామ్సే ఆర్గాన్ కోసం వెతుకుతూ, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో చర్య జరిపించి, వెలువడిన వాయువు వర్ణపటాన్ని చూస్తే, ఊహించని పసుపు గీత కనిపించింది. విలియం క్రూక్స్ కొలిచి, అది సూర్యుడి గీతేనని నిర్ధారించారు. అదే తరహా ఖనిజం నుంచి వచ్చిన వాయువును అమెరికాలో హిల్లెబ్రాండ్ అంతకు ముందే సేకరించి నైట్రోజన్ అనుకున్నారు. రామ్సేను క్లీవైట్ వైపు నడిపించింది ఆ ప్రయోగమే. ఆల్ఫా కణాలకూ హీలియానికీ ఉన్న సంబంధం 1909లో రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ చేసిన ప్రయోగంతో తిరుగులేకుండా రుజువైంది. ఆల్ఫా కణాలు దూసుకుపోగలిగేంత పలుచని గాజు గొట్టంలో రేడియోధార్మిక వాయువును నింపి, బయటి గొట్టంలో పోగైన వాయువుకు విద్యుత్ ఉత్సర్గం ఇచ్చి చూస్తూ ఉంటే, రోజులు గడిచే కొద్దీ హీలియం గీతలు ఒకటొకటిగా స్పష్టమయ్యాయి.

ఇలా పుట్టిన హీలియం కొన్ని చోట్ల పైకప్పులాంటి రాతిపొరల కింద సహజవాయువుతో కలిసి నిలిచిపోతుంది. 1903లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో డెక్స్టర్ అనే ఊరివాళ్లు బావి తవ్వి, బుసకొడుతూ వచ్చిన వాయువును ఉత్సవంగా వెలిగించబోతే మంట ఆరిపోయింది. ఆ వాయువులో అధికభాగం నైట్రోజన్ అని, రెండు శాతం లోపు హీలియం కూడా ఉందని 1905లో తేలింది. ఈనాటి పారిశ్రామిక హీలియం అటువంటి బావుల నుంచే వస్తోంది.

థోరియం ఉన్న మోనజైట్ ఇసుక మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది. ఆ ఖనిజపు రేణువుల్లో థోరియం నుంచి పుట్టిన హీలియం చిక్కుకుని ఉంటుంది. వేడిచేస్తే బయటికి వస్తుంది. 1908 జులై 10న హాలండులోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ తొలిసారిగా ద్రవీకరించిన హీలియం అంతా మోనజైట్ ఇసుక నుంచి ఈ విధంగా రాబట్టినదే.