ఫించ్ పిల్లకి పాట స్పీకర్ నేర్పుతుందా, తండ్రి నేర్పుతాడా? (పక్షులు పెంచేవాళ్ల చర్చ; ప్రతి మాట పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

గుణుపురం గింజలు

తేల్చాల్సిన సంగతి ఇది. జీబ్రా ఫించ్ (బోనుల్లో పెంచే చిన్న పాట పక్షి) పిల్లలు దాదాపు 35 రోజులకి గింజ ఒలుచుకుని సొంతంగా తింటాయి. అప్పుడు మగ పిల్లల్ని వేరే బోనులో వేసి, పక్కన మెమరీ కార్డు స్పీకర్ పెట్టి పొద్దస్తమానం ఫించ్ పాట తిప్పితే చాలని కొందరు అంటారు. తండ్రి దగ్గర ఇంకో నెల ఉంచకపోతే పాట చెడుతుందని ఇంకొందరు. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి ఇళ్లలో బోను పెట్టే చోటే తక్కువ, పైగా జోడీ రెండో విడత గుడ్లకి తొందరపడుతుంది. అందుకని మొదటి పద్ధతికే మొగ్గు. ఎవరి పక్షం వాళ్లు కారణంతో చెప్పండి. "మా ఇంట్లో ఇలాగే చేస్తాం" అన్నది కారణం కాదు.

ఒక హెచ్చరిక: ఇక్కడి మాటలు జీబ్రా ఫించ్, బెంగాలీస్ ఫించ్ లాంటి పెంపుడు విదేశీ జాతుల గురించే. పొలాల్లో వలేసి పట్టిన మునియానో, గోరింకనో బోనులో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దాని మీద సలహాలు అడగొద్దు.

మీట నొక్కు

స్పీకర్ పక్షం నాది. పిల్ల నేర్చుకునేది శబ్దాన్ని. శబ్దం గొంతులోంచి వచ్చిందా, డబ్బాలోంచి వచ్చిందా అన్నది చెవికి అనవసరం. కాలిఫోర్నియాలో వైట్ క్రౌన్డ్ స్పారో అనే పిచ్చుక మీద మార్లర్ 1970లో చూపించింది ఇదే. పుట్టిన 10వ రోజు నుంచి 50వ రోజు లోపు టేపు వినిపిస్తే పిల్ల ఆ పాట నేర్చింది, ఆ తర్వాత వినిపిస్తే నేర్వలేదు. అంటే కావలసింది సరైన వయసు, సరైన పాట. తండ్రి అక్కర్లేదు.

పైగా తల్లి రెండో విడతకి గూడు ఎక్కితే తండ్రి పెద్ద పిల్లల్ని తరుముతాడు, వీపు ఈకలు పీకుతాడు. అక్కడే ఉంచి హింసపెట్టడం దేనికి?

వంశధార ఒడ్డు

మార్లర్ దగ్గరే ఆగిపోయారు మీరు. అదే పిచ్చుక మీద బాప్టిస్టా, పెట్రినోవిచ్ 1984లో చేసింది చూడండి. 50 రోజులు దాటిన పిల్లలకి టేపు బదులు బతికున్న పక్షిని పక్కన పెట్టారు. మూతపడిందనుకున్న తలుపు తెరుచుకుంది. పక్కన పెట్టింది వేరే జాతి పక్షి అయినా దాని పాటే నేర్చాయి. ఆ వేరే జాతుల్లో ఒకటి ఎవరనుకున్నారు? మన వరి మళ్ల గట్ల మీద గడ్డి గింజలు తినే ఎర్ర మునియా! అమందవ అన్న దాని శాస్త్రీయ నామమే అహ్మదాబాద్ నుంచి వచ్చింది. టేపులో సొంత జాతి పాట వేస్తే పట్టించుకోని వయసులో, ఎదురుగా కూర్చున్న పరాయి పక్షి పాట ఎక్కింది. చెవికి డబ్బా, గొంతు ఒకటే అయితే ఇది జరగదు.

ఇక జీబ్రా ఫించ్ సంగతి. ఇది పాటని జ్ఞాపకంలో వేసుకునేది సుమారు 25వ రోజు నుంచి 65వ రోజు దాకా. 35 దాటాక గొణుగుడు మొదలవుతుంది, 90 దగ్గర పాట కుదురుకుంటుంది, ఆపైన దాదాపు మారదు. అంటే మీరు విడదీసే 35వ రోజు సరిగ్గా పాఠం నడిమధ్యన పడుతోంది. ఊరికే మోగే టేపు నుంచి ఈ పక్షి నేర్చేది బహు తక్కువ.

అదే టేపుని పిల్ల తనే ముక్కుతో మీట పొడిచి మోగించుకునేలా పెడితే బాగానే నేర్చింది. (మీ పేరు బాగా కుదిరింది!) అక్కడ ఇంకో విచిత్రం ఉంది. 1999లో చెర్నికోవ్‌స్కీ బృందం లెక్కకట్టి చూస్తే, రోజుకి 40 సార్లు, మొత్తం కలిపి అర నిమిషం మాత్రమే విన్న పిల్లలు అందరికన్నా పూర్తిగా నేర్చాయి. ఎక్కువ విన్నవాటి అనుకరణ తగ్గింది. పొద్దస్తమానం తిప్పే స్పీకర్ సాయం చెయ్యకపోగా చెరుపు చేస్తుంది.

కాకిగూడు

అదేటండీ, ఇంత శాస్త్రం దేనికి? కోకిల పిల్ల కాకి గూట్లో పుడతాది, కాకి పెట్టిన మేత తింటాది. కోకిల తండ్రి మొహం కూడా చూడదు. చైత్రం రాగానే కావు కావు అనకుండా కుహూ అంటాది. ఎవరు నేర్పారు దానికి? పరభృతం అని ఊరికే పేరెట్టలేదు పెద్దలు. పాట రక్తంలో ఉంటాది, అంతే.

పిట్టగోడ

కోకిల విషయంలో మీ మాట నిజమే. కానీ కోకిల కక్కూ జాతి, పాట నేర్చే పక్షుల వంశం కాదు. పావురాలూ గువ్వలూ అంతే, వేరే జాతి గువ్వ కింద పెంచినా సొంత కూతే కూస్తాయి. కోడిపుంజుకీ గురువు అక్కర్లేదు. పాటను విని నేర్చేవి ఫించ్‌లు, పిచ్చుకలు, గోరింకల లాంటి గాయక పక్షులు, చిలుకలు, హమ్మింగ్ బర్డ్‌లు. కోకిలని చూపించి ఫించ్ గురించి తీర్పు చెప్పడం ఈతచెట్టుని చూసి కొబ్బరికాయల లెక్క కట్టినట్టుంటుంది.

పరాయి గూట్లో పెరిగే గాయక పక్షి కావాలంటే అమెరికాలో కౌబర్డ్ ఉంది. అది కూడా వేరేవాళ్ల గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. పెద్దయ్యాక తన జాతి మందలో కలుస్తుంది, పాటకి సానపట్టేది అక్కడే. సానపట్టేదెవరో తెలుసా, పాటే పాడని ఆడపక్షి. మగ పిల్ల రకరకాలుగా కూస్తుంటే ఆడది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. ఎప్పుడో ఒక కూతకి మాత్రం రెక్క ఒక్కసారి చటుక్కున విదిలిస్తుంది, కన్నార్పేంత సేపు. మగది వెంటనే అదే కూత మళ్లీ అందుకుంటుంది. మెరెడిత్ వెస్ట్, ఆండ్రూ కింగ్ 1988లో దీన్ని బయటపెట్టారు. రెక్క విదిలింపు తెప్పించిన కూతలనే తర్వాత వేరే ఆడపక్షులకి వినిపిస్తే వాటికీ ఎక్కువ నచ్చాయి.

మీట నొక్కు

ఆ కౌబర్డ్ కథ సగమే చెప్పారు. ఒంటరిగా పెంచిన మగ కౌబర్డ్ పాటకి ఆడపక్షులు మందలో పెరిగినదాని పాటకన్నా ఎక్కువ స్పందించాయని అదే కింగ్, వెస్ట్ చూపించారు. సావాసం లేనిదే మంచి పాట వచ్చిందిగా?

పిట్టగోడ

వచ్చింది. మిగతా సగం మీరు వదిలేశారు. ఆ ఒంటరి మగవాటిని మందలోకి వదిలితే, అంత జోరైన పాట పాడినందుకు పెద్ద మగవి మీదపడి కొట్టాయి, కొన్ని చచ్చాయి కూడా. ఏ కూత ఎవరి ముందు కూయాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్న ఇంగితం పెద్ద మగవాటి మధ్య తిరిగితేనే వస్తుంది. జోడీ కట్టడం పాట ఒక్కదానితో అయ్యే పని కాదు.

జయపురం చలి

ఇదంతా బోను దగ్గర ఎలా కుదురుతుందో చెప్తాను.

ముందు లెక్క. ఐదు గుడ్లు రోజుకొకటి చొప్పున పెట్టడానికి 5 రోజులు, పొదగడం 13, గూట్లో పిల్లలు 20, బయటికొచ్చాక మేత నేర్చేదాకా 15. అంటే 53 రోజులకి జోడీ మళ్లీ ఖాళీ. పిల్లల్ని 65వ రోజు దాకా ఉంచితే 83 రోజులు. ఏడాదికి రెండు మూడు విడతలు పోతాయి, స్పీకర్ పక్షానికి అసలు బాధ ఇదే. కానీ ఏడాది పొడుగునా గుడ్లు పెట్టించడం ఆడదాని ఒంటికీ మంచిది కాదు. కాల్షియం తరిగిపోయి గుడ్డు అడ్డం పడి చచ్చేది అలాంటప్పుడే.

తండ్రి తరిమేది పిల్లలు కళ్లెదుట ఉన్నందుకు కాదు, గూడు ఉన్నందుకు. చిన్న పిల్ల కూడా బయటికొచ్చాక గూటి కుండ, కొబ్బరి పీచు తీసెయ్యండి. ఉడికించిన గుడ్డు వారానికి ఒక్కసారికి తగ్గించండి, కొర్రలు, సామలు, సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ఉంటే చాలు. అయినా ఆడది మేత గిన్నెలోనే గుడ్డు పెడితే 3 అడుగుల బోనుకి మధ్యన ఇనప జాలీ వేసి, తల్లిని అవతలికి మార్చండి. తండ్రి, పిల్లలు ఇవతల. తండ్రిని మాత్రం పొదిగే గుడ్ల మీంచి లాక్కురావద్దు. ఈ జాతిలో ఇద్దరూ పొదుగుతారు, ఒక్కరిమీద పడితే గుడ్లు చల్లబడతాయి.

జాలీకి బదులు అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లున్నారు. కోరాపుట్, సెమిలిగూడ, పొట్టంగి వైపు డిసెంబరు చలికి బోను చుట్టూ గోనెపట్టా కట్టి పగలు కూడా విప్పరు. చలి ఆగుతుంది, చూపు కూడా ఆగుతుంది. గోనె రాత్రికే కట్టండి.

విడదీసేటప్పుడు ఇంకో పొరపాటు. 35వ రోజున మగా ఆడా పోల్చడమే కష్టం. బూడిదరంగు రకంలో చెంప మీద నారింజ ఈక, రొమ్ము మీద చారలు అప్పుడప్పుడే తొంగిచూస్తాయి. తెల్ల రకంలో అవీ ఉండవు, నల్లముక్కు ఎర్రబడి గొణుగుడు వినేదాకా ఆగాలి. తొందరపడితే మగపిల్ల ఆడపిల్లల బోనులో పడుతుంది. అక్కడ పాట వినపడదు.

గుణుపురం గింజలు

ఒక తండ్రికి నలుగురు మగపిల్లలుంటే?

వంశధార ఒడ్డు

అక్కడే చిక్కు. ఒకే తండ్రి కింద మగ తోబుట్టువులు ఎక్కువైతే ఒకడికే పాట నిండుగా వస్తుంది, మిగతావాళ్లది కురచ అవుతుంది. 1998లో చెర్నికోవ్‌స్కీ, నాటబామ్ దీన్ని రాశారు. ఒక పెద్ద మగదానికి ఇద్దరు శిష్యులు చాలు. మిగతా ఇద్దర్నీ 35వ రోజున, మంచి పాట ఉన్న ఇంకో పెద్ద మగదాని దగ్గర వెయ్యండి. తండ్రే కానక్కర్లేదు.

పెద్ద మగది పిల్ల ముందు పాడే తీరే వేరు. ఎత్తుగడలో టిక్ టిక్ అనే పొడి స్వరాలు ఎక్కువసార్లు వేస్తుంది, పల్లవికీ పల్లవికీ మధ్య ఎడం పెంచుతుంది. పసిపిల్లలతో మనం సాగదీసి మాట్లాడినట్టే. 2016లో చెన్, మాథిసన్, సకాటా కొలిచి చూపించారు. స్పీకర్‌కి ఎదురుగా ఎవరున్నారో తెలియదు కదా.

పిట్టగోడ

45వ రోజు నుంచి 90 దాకా జాలీ అవతల పెద్ద ఆడపక్షి ఒకటి ఉండాలని కూడా చేర్చండి. జీబ్రా ఫించ్ ఆడది పాడదు, కానీ నచ్చినప్పుడు ఒళ్లు ఉబ్బిస్తుంది. కరూసో పెక్, గోల్డ్‌స్టీన్ 2019లో ఆ ఉబ్బింపు వీడియోని, పిల్ల గొణుగుడు అసలు పాటకి దగ్గరైన క్షణంలోనే చూపించారు. అవి బాగా నేర్చాయి. అంతే వీడియోని, పాటతో సంబంధం లేకుండా చూపించినవి వెనకబడ్డాయి.

ఆడపిల్లల్నీ పాట వినపడని చోట పెంచొద్దు. అలా పెరిగినవి మంచి పాటకీ, ఒంటరివాడి వంకర పాటకీ తేడా పట్టలేవు.

ఈతచెట్టు

కొంచెం పక్కకి. వానలు పడ్డాక నాగావళి, వంశధార గట్ల మీద ఈతచెట్లకి గిజిగాళ్లు కట్టే గూళ్లు చూడండి. మగది సగం గూడు, అంటే బోర్లించిన టోపీలా ఉండి మధ్యన అడ్డకమ్మీ ఉన్నదాకా కట్టి, ఆడది దగ్గరికొస్తే రెక్కలాడిస్తూ పాడుతుంది. ఆడది లోపల దూరి చూస్తుంది, నచ్చితేనే మిగతా సగం, కింది గొట్టం. కుర్ర మగవి కట్టే వదులు గూళ్లు అదే చెట్టుకి వేలాడుతూ ఎండిపోతుంటాయి. ఆఫ్రికా విలేజ్ వీవర్ పిల్లలకి మొదటి ఏడాది గడ్డి దొరక్కుండా చేసి కొలియాస్ దంపతులు చూశారు. ఆ తర్వాత పోచ చీల్చడం, ముడి వెయ్యడం వాటికి సరిగ్గా రాలేదు. ప్రణయంలో పాట ఒక్కటే కాదు, చేతిపని కూడా చిన్నప్పుడే అలవడాలి. పక్షికి చెయ్యి లేదనుకోండి, ముక్కుపని అనాలి.

కాకిగూడు

అయితే రక్తంలో ఏమీ లేదంటారా?

మీట నొక్కు

ఉంది, ఇదిగో. 2009లో ఫెహెర్ బృందం ఒంటరిగా పెరిగిన జీబ్రా ఫించ్‌నే గురువుగా పెట్టింది. దాని పాట లాగుడు ఈలలు, తాళం తప్పిన కీచులు. శిష్యుడు దాన్ని నేర్చినా కొంచెం సరిదిద్దుకుని పాడాడు. ఆ శిష్యుడి శిష్యుడు ఇంకొంచెం. మూడు నాలుగు తరాల్లో అడవి ఫించ్‌ల పాటకి దగ్గరకొచ్చేసింది. ఎవరూ నేర్పని కొలత ఏదో లోపల ఉన్నట్టేగా. కాబట్టి సావాసమే సర్వం అనకండి.

వంశధార ఒడ్డు

ఒప్పుకుంటాను. కానీ మూడు తరాలూ ఎదురెదురుగా కూర్చుని నేర్చినవే.

జయపురం చలి

బెంగాలీస్ ఫించ్ కింద గుడ్లు పెట్టి పొదిగించేవాళ్లకి ఒక మాట. ఆ జోడీ పెంచిన మగ జీబ్రా ఫించ్ బెంగాలీస్ పాటే పాడుతుంది, పెద్దయ్యాక బెంగాలీస్ ఆడదాని వెంటే పడుతుంది. ఇమెల్‌మన్ 1969 నాటికే రాశాడు. సొంతంగా తినగానే, ఒక్కరోజు కూడా ఆగకుండా, సొంత జాతి పెద్దవాటిలో కలపండి. పాట సర్దుకునే వీలుంది. మోజు మాత్రం అంత తేలిగ్గా మారదు.

మీట నొక్కు

పెద్ద మగదే లేనివాళ్ల మాటేమిటి? ఉన్నది ఒకటే చచ్చిపోతే? అప్పుడు స్పీకరే గతి, కాబట్టి దాన్నైనా సరిగ్గా వాడే పద్ధతి రాస్తున్నాను. వాట్సాప్ వాయిస్ నోట్‌లో వచ్చిన పాట వద్దు, అది పై స్వరాల్ని కోసేస్తుంది. డబ్ల్యూఏవీ ఫైలు, ఒక్క పక్షి, ఒక్క పల్లవి. పొద్దున, సాయంత్రం 20 సార్లు చొప్పున, పిల్ల మెలకువగా స్పీకర్ వైపు తిరిగి ఉన్నప్పుడే. మిగతా రోజంతా ఆపెయ్యాలి. జాలీ అవతల ఆడపక్షి తప్పనిసరి. 90వ రోజున ఫోన్‌లో రికార్డు చేసి, స్పెక్ట్రోగ్రామ్ (స్వరాల్ని బొమ్మగా చూపే పటం) చూపించే ఏదైనా ఉచిత యాప్‌లో పెట్టి, అసలు పల్లవి పక్కన పెట్టి చూడండి. స్వరాల వరుస ప్రతిసారీ ఒకేలా వస్తే కుదిరినట్టు.

గుణుపురం గింజలు

అంటే పొద్దస్తమానం తిప్పడం మీరు కూడా వదిలేసినట్టేనా?

మీట నొక్కు

తిప్పడం వదిలేశాను. స్పీకర్‌ని వదల్లేదు.