గృహ రుణాన్ని ఇంటి పొదుపుతో ముందుగా తీర్చాలంటే ఏటా ఎంత లక్ష్యం పెట్టుకోవాలి?

ప్రశ్న (నిజాంపేట నుంచి ఒక గృహిణి)

నమస్కారం. నిరుడు ఇక్కడ రెండు పడకగదుల ఫ్లాటు కొనడానికి ఒక గృహ రుణ సంస్థ నుంచి 40 లక్షల రూపాయలను 8.5 శాతం ఫ్లోటింగ్ (మార్కెట్‌ను బట్టి మారే) వడ్డీకి, 20 సంవత్సరాల గడువుతో తీసుకున్నాము. నెల వాయిదా 34,713 రూపాయలు. మొదటి సంవత్సరం స్టేట్‌మెంటు చూస్తే, కట్టిన 4 లక్షల 16 వేలలో దాదాపు 3 లక్షల 37 వేలు వడ్డీకే పోయి, అసలులో 80 వేలు కూడా తగ్గలేదు. మా వారు ప్రైవేటు ఉద్యోగి, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఇంటి ఖర్చుల్లో జాగ్రత్తపడితే నెలకు 5, 6 వేలు మిగులుతాయని నా అంచనా, కానీ ఇంత అప్పుకు ఆ డబ్బు ఏ మూలకు వస్తుందని మా వారు అంటున్నారు. ప్రతి ఉగాదికి ఒక లక్ష్యం పెట్టుకుని, ఆ ఏడాది మిగిల్చినదంతా అసలుకు జమ చేయాలని నా ఆలోచన. ఇది ప్రయోజనం ఉన్న పనేనా? ఇలా తీరుస్తున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి)

అమ్మా, మీ లెక్క సరైనదే. మీ వారికి ఈ అంకెలు చూపించండి. ఇప్పుడు మీకు సుమారు 39 లక్షల 20 వేల బకాయి, 228 వాయిదాలు ఉన్నాయి. ఇవాళే ఒక లక్ష రూపాయలు అసలుకు కట్టి, నెల వాయిదాను మార్చకుండా అలాగే కొనసాగిస్తే, చివరి 13, 14 వాయిదాలు ఎగిరిపోతాయి, అంటే లక్షకు గాను 4 లక్షల 70 వేలకు పైగా కట్టనవసరం ఉండదు. అదే లక్షను ఇంకా 5 సంవత్సరాలే మిగిలి ఉన్నప్పుడు కడితే తగ్గేవి 4 వాయిదాలకు కాస్త పైన మాత్రమే. తొలి సంవత్సరాలలో కట్టిన రూపాయికి ఉన్న బలం తరువాత ఉండదు కనుక, జీతం పెరిగాక చూద్దామని ఆగవద్దు.

నెలకు 6,000 అదనంగా కడితే మిగిలిన 228 నెలలు దాదాపు 162 అవుతాయి, అంటే అయిదున్నర సంవత్సరాలకు కొంచెం తక్కువ కాలం ముందే తీరుతుంది. మీ ఆలోచనలో నేను మార్చమనేది ఒక్కటే. ఏడాదంతా కూడబెట్టి ఉగాదికి ఒకేసారి కట్టే బదులు, సంస్థ అనుమతించే కనీస మొత్తం చేతికి రాగానే కట్టేయండి, ఎందుకంటే ఆ డబ్బు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ అక్కడ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వ్యక్తులు ఫ్లోటింగ్ వడ్డీపై తీసుకున్న గృహ రుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదన్న నియమం ఉంది కనుక ఆ భయం అక్కరలేదు. కట్టిన ప్రతిసారీ వాయిదా మొత్తం కాకుండా గడువు తగ్గించమని లిఖితపూర్వకంగా కోరి, సవరించిన వాయిదాల పట్టికను తీసుకోండి. కొన్ని చోట్ల ఏమీ చెప్పకపోతే వాయిదా తగ్గించి గడువును అలాగే ఉంచుతారు, అప్పుడు మీకు మిగిలేది చాలా తక్కువ.

సమాధానం (గృహిణి, సరూర్‌నగర్)

మా ఇంట్లోనూ ఇదే పద్ధతి నడుస్తోంది కాబట్టి పొదుపు విషయం నేను చెబుతాను. రోజువారీ కూరగాయల దగ్గర పదీ ఇరవై తగ్గించడానికి ఆరాటపడితే ఇంటిల్లిపాదికీ విసుగు తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. రైతు బజారుకు వారానికి ఒకసారి వెళితే చాలు. డబ్బు పోయేదంతా ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులలోనే: జూన్‌లో బడి ఫీజులు, దసరా బట్టలు, బంధువుల పెళ్లిళ్లలో చదివింపులు, అక్షయ తృతీయకు అరతులమైనా కొనాలన్న పట్టుదల. ఈ నాలుగింటికీ ఉగాది నాడే ఒక హద్దు రాసుకుంటే మిగతావి వాటంతట అవే దారికి వస్తాయి. చదివింపుల విషయంలో మాత్రం మా అత్తగారితో మాటపట్టింపు వచ్చింది, అది ఇప్పటికీ తేలలేదు.

చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు వేసవిలోనే ఏడాదికి సరిపడా తీసుకుంటాము, ఎండుఫలాలూ మసాలా దినుసులూ బేగంబజారులో కొంటాము. పిల్లల పాత పాఠ్యపుస్తకాలు కోఠిలో దొరుకుతాయి. మునిసిపల్ ఆస్తి పన్నును ఏప్రిల్ నెలాఖరులోపు కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం రాయితీ ఇస్తున్నారు. మీరు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహాలక్ష్మి పథకం కింద ఉచితంగా వెళ్లవచ్చు. అది 2023 డిసెంబరు 9 నుంచి అమలులో ఉంది. ఆటోకు పెట్టే డబ్బు కళ్లముందే మిగులుతుంది. అయితే మిగిలినది అదే ఖాతాలో ఉంటే నెలాఖరుకు ఎలాగో ఖర్చయిపోతుంది. అందుకే జీతం పడిన మరునాడే లక్ష్యం మొత్తాన్ని డెబిట్ కార్డు లేని వేరే ఖాతాకు పంపి, మిగతా దానితోనే నెల నడుపుతాము.

సమాధానం (ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్)

పై ఇద్దరి మాటలూ నిజమే, కానీ నేను కొంత విభేదిస్తాను. అసలుకు కట్టిన డబ్బు మళ్లీ అవసరానికి చేతికి రాదు. మీ వారిది ప్రైవేటు ఉద్యోగం అన్నారు కనుక, కనీసం ఆరు నెలల వాయిదాలకూ ఇంటి ఖర్చుకూ సరిపడే మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో చేరేదాకా ముందస్తు చెల్లింపు మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. బకాయికి సమానమైన టర్మ్ బీమా (గడువులోపు మరణిస్తే కుటుంబానికి డబ్బు ఇచ్చేది) ఆయన పేరిట లేకపోతే అది అంతకంటే ముందు. భవిష్య నిధిని కదిలించి అప్పు తీర్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2024-25కు దాని వడ్డీ 8.25 శాతం, మీ రుణం వడ్డీకి అది దాదాపు సమానమే, పైగా పదవీ విరమణ తరువాత ఆధారం అదే.

పన్ను మినహాయింపు పోతుందని అప్పును ఉంచుకోమనేవారూ ఉంటారు. సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీపై 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. మీ వారు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి. పాత విధానంలో ఉన్నా, 3 లక్షల 37 వేల వడ్డీలో 2 లక్షలకు మించిన భాగానికి పన్ను లాభం ఏమీ లేదు.

నా దృష్టిలో పొదుపు కంటే పెరిగే జీతం ముఖ్యం. రుణం తీసుకున్న నాటి నుంచి వాయిదాను ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే 20 సంవత్సరాల అప్పు 12 సంవత్సరాలకు కాస్త అటూ ఇటూగా తీరిపోతుంది. మీరు ఒక సంవత్సరం ఆలస్యంగా మొదలుపెట్టినా పెద్ద తేడా రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అత్యవసర నిధి సగమే ఉంది, కాబట్టి మొదటి ఆరు నెలల మిగులు అందులోకి, ఆ తరువాతది అసలుకు అని నిర్ణయించుకున్నాము. వచ్చే ఉగాదికి అసలులో అదనంగా 35 వేలు తగ్గించాలన్నది మొదటి లక్ష్యం. రెండు సందేహాలు మిగిలాయి. మా వీధిలో నడిచే చీటీలో చేరి, పాట పాడుకున్న డబ్బుతో ఒకేసారి అప్పు తగ్గించమని పక్కింటి వదినగారు అంటున్నారు. ఇంకొకటి, బ్యాంకుల వడ్డీ తగ్గిందని వింటున్నాము, మాది మాత్రం 8.5 దగ్గరే ఉంది. ఎందుకు?

సమాధానం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి)

చీటీ వద్దమ్మా. ముందుగా పాడుకుంటే మీరు వదులుకునే పాట మొత్తమే వడ్డీ, ఆపై నిర్వాహకుడి కమిషన్ కూడా ఉంటుంది, చట్టబద్ధంగా నమోదైన చీటీలలోనే అది 7 శాతం దాకా ఉండవచ్చు. వీధి చీటీలో ఎవరైనా చేతులెత్తేస్తే అడిగే దిక్కు ఉండదు.

ఇక వడ్డీ సంగతి. 2025 ఫిబ్రవరి, డిసెంబరు మధ్య రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గింది. 2019 అక్టోబరు 1 తరువాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ గృహ రుణాలు రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉండాలి కనుక వాటిపై ఆ తగ్గుదల కనిపిస్తుంది. గృహ రుణ సంస్థలకు ఆ నిబంధన వర్తించదు, అవి తమ సొంత ప్రామాణిక రేటును అనుసరిస్తాయి. ముందుగా మీ సంస్థకే లేఖ రాసి రేటు సవరించమనండి, చిన్న రుసుముతో తగ్గించేవారున్నారు. వారు కాదంటే బ్యాంకుకు బదిలీ గురించి ఆలోచించండి. ప్రాసెసింగ్ రుసుము, న్యాయ సలహా, విలువ మదింపు, తనఖా పత్రం రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి చూసుకోవాలి. వాయిదా 34,713 గానే ఉంచి వడ్డీ 7.5 అయితే, అదనంగా ఒక్క రూపాయి కట్టకుండానే 31 నెలలు తగ్గుతాయి. కాబట్టి ఆ లేఖ ఈ వారంలోనే పంపి, వారిచ్చే జవాబును ఇక్కడ పెట్టండి, బదిలీ ఖర్చు గిట్టుబాటు అవుతుందో లేదో లెక్క కట్టి చెబుతాను.