ఇద్దరు ముగ్గురు ప్రధాన పాత్రలున్న నవలలో ‘తాను’, ‘వాడు’, ‘ఆయన’

ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో పాత్ర వైపునుంచి నడపదలచినవారికి తెలుగు సర్వనామాలు ఎంతవరకు తోడ్పడతాయన్న చర్చలో నా అభిప్రాయం రాస్తున్నాను. ప్రతి పాత్ర చేతా ‘నేను’ అనిపిస్తూ కథ చెప్పించే పద్ధతి ఒకటుంది. అమెరికన్ నవలాకారుడు ఫాక్‌నర్ 1930లో వెలువరించిన ‘యాజ్ ఐ లే డయింగ్’ నవలలో 15 మంది అలాగే మాట్లాడతారు, ఎవరి వంతు వస్తే వారి పేరే శీర్షికగా ఉంటుంది. అక్కడ సర్వనామంతో పేచీ తక్కువ. ప్రథమ పురుషలో, అంటే ‘అతను’, ‘ఆమె’ అంటూ రాసినప్పుడే జాగ్రత్త కావాలి.

ఈ వాక్యాలు చూడండి: “గుమ్మంలో రాఘవయ్య కనబడగానే సుజాత లేచి నిలబడింది. తన చేతిలోని ఉత్తరం ఆయన చూడకూడదు.” రెండో వాక్యంలో ‘అనుకుంది’ అన్న క్రియ లేకపోయినా అది సుజాత ఆలోచనేనని ‘తన’ చెబుతోంది. దాన్ని ‘ఆమె చేతిలోని’ అని మారిస్తే ఆ మాట రచయితది అయిపోతుంది. అందుచేత అధ్యాయం ఎవరిదో వారికే ‘తాను’ను కేటాయించడం మంచిదని నేననుకుంటాను. “తను ఇంకా రాలేదు” అంటూ ‘తను’ను కేవలం ‘ఆమె’, ‘అతను’ అన్న అర్థంలో వాడటం ఇప్పుడు బాగా వ్యాపించింది. సంభాషణల్లో అది సహజమే కాని, కథనంలోకి చొరబడితే ఎవరి మనసులో ఉన్నామో పాఠకుడికి అంతుపట్టదు.

ఇంతకంటె సున్నితమైనది మర్యాద సంగతి. వాడు, అతను, ఆయన అన్నవాటిలో ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరి వయసో హోదానో చనువో అందులోకి వచ్చిపడుతుంది. రాఘవయ్య తన కూతురి అధ్యాయంలో ‘ఆయన’ అవుతాడు, తల్లి అధ్యాయంలో ‘వాడు’ అవుతాడు, చిన్ననాటి స్నేహితుడి అధ్యాయంలోనూ ‘వాడు’ అవుతాడు. అయితే ఆ రెండు ‘వాడు’లూ ఒకటి కావు. సొంత అధ్యాయంలో మాత్రం పేరుతోనూ ‘తాను’తోనూ చాలావరకు గడిచిపోతుంది, ఎందుకంటే కర్త ఎవరో క్రియే చెప్పేస్తుంది గనుక సర్వనామం లేకుండానే వాక్యం నడుస్తుంది.

చేయి తిరిగిన రచయితలు సైతం జారేది పనివాళ్ల పాత్రల దగ్గర. యజమాని అధ్యాయంలో “వాడు తలుపు తీశాడు” అనడం సబబే. ఆ పనివాడే ప్రధాన పాత్రగా తన అధ్యాయంలోకి వచ్చాక కూడా కథనం “వాడికి ఆకలి వేసింది” అంటే, చూస్తున్న కళ్లు ఇంకా యజమానివే. “ఆకలి వేసింది. ఎవరినీ అడగబుద్ధి కాలేదు” అంటే సరిపోయేది.

రచయిత సర్వజ్ఞుడై అందరినీ ఒకే దూరంనుంచి చూసే నవలకు ఇవేవీ అక్కరలేదు. పాత్రకొక సర్వనామం ఖాయం చేసుకుని చివరిదాకా నిలుపుకుంటే చాలు. అధ్యాయానికొక పాత్ర వైపునుంచి నడిపే నవలలో మాత్రం, ‘ఆయన’కు ‘వచ్చాడు’, ‘వచ్చారు’ రెండూ చెల్లుతాయి కాబట్టి, ఎవరి అధ్యాయంలో ఏది వాడాలో ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోవడం మేలు. రాతప్రతి దిద్దేటప్పుడు సులభంగా కన్నుగప్పేది అదే.