తిరుపతి, చిత్తూరు జిల్లాల డెంగీ పటం: సరిహద్దులు, వానల లెక్క ఎలా సరిచేయాలి?

పెద్దలకు నమస్కారం. నేను తిరుపతిలో గణాంకశాస్త్రం చదువుతున్న పీజీ విద్యార్థిని. డెంగీ ఏ మండలంలో, ఏ నెలలో పెరుగుతుందో చూపే పటాన్ని క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తూ రెండు చోట్ల ఆగిపోయాను.

మొదటిది సరిహద్దుల సమస్య. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత చిత్తూరు జిల్లా మండలాలతో పాటు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు కూడా ఇందులో కలిశాయి కాబట్టి, జిల్లా మొత్తాలను యథాతథంగా పోలిస్తే కేసులు నిజంగా మారాయో, గీత మాత్రమే జరిగిందో తేలదు. మండలాల వారీగా లెక్క కట్టడమే దారి అనుకుంటున్నాను గానీ, చిన్న మండలంలో రెండు కేసులు ఎక్కువైనా రేటు (జనాభాకు ఇన్ని కేసులు అనే లెక్క) అమాంతం ఎగబాకుతుంది. పొరుగు మండలాల సమాచారంతో రేటును సవరించే బేయీసియన్ పద్ధతి ఇక్కడ సరిపోతుందా?

అసలు చిక్కు కాలంతోనే. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పది రోజులు, వైరస్ దోమ ఒంట్లో వృద్ధి చెందడానికి దాదాపు 8 నుంచి 12 రోజులు, కుట్టిన తరువాత జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది గనుక, ఈశాన్య రుతుపవనాల వానకూ కేసులకూ మధ్య ఎన్ని వారాల ఎడం పెట్టాలి? ఆ మాటకొస్తే డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు వానే అక్కర్లేదు. కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో మూత లేని తొట్టెలూ డ్రమ్ములూ చాలు. పైగా, వేరే ఊళ్లో దోమ కుట్టి తిరుమల యాత్రకు వచ్చిన వారికి ఇక్కడ పరీక్షలో డెంగీ తేలితే, ఆ కేసును ఏ మండలం ఖాతాలో వేయాలి?

ఇటువంటి పటాలు చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి మీరు అనుసరించిన పద్ధతిని తెలియజేయగలరు.